కాంటా గది కంప్యూటర్ మీద చెయ్యి వేసే ముందు: అంతర్గత విచారణలో డిజిటల్ సాక్ష్యం

మిర్యాలగూడ దగ్గరి ఒక రైసు మిల్లు నుంచి ఫోను వచ్చేసరికి రాత్రి ఎనిమిదయింది. కాంటా చీటీల్లో తేడాలున్నాయనీ, గుమస్తా మీద అనుమానమనీ యజమాని చెప్పారు. "కంప్యూటర్ మొత్తం వెతికి అన్నీ ప్రింటు తీయించి పెట్టాను సార్, మీరు వచ్చి చూడడమే తరువాయి" అన్నారు సంతోషంగా. సగం కేసు చేజారిపోయిందని నాకు అప్పుడే తెలిసింది.

జరిగిందేమిటంటే, ఆయన అల్లుడు సాయంత్రం కాంటా గదిలో కూర్చుని, గుమస్తా పాస్‌వర్డుతోనే లోపలికి వెళ్లి, ఎక్సెల్ ఫైళ్లన్నీ ఒక్కొక్కటిగా తెరిచి చూశాడు. కొన్నింటిలో అనుమానం ఉన్న వరుసలకు పసుపు రంగు వేసి సేవ్ చేశాడు. దాంతో ఆ ఫైళ్లన్నింటికీ చివరిసారి మార్చిన తేదీగా ఆ సాయంత్రమే పడింది. గుమస్తా తరఫు వకీలుకు ఇక ఒక్క ప్రశ్న చాలు: "ఆరు గంటలకు ఈ ఫైలు మార్చింది ఎవరండీ?"

దొంగ చెరిపేసిన సాక్ష్యం కన్నా యజమాని ఆత్రంలో పాడైన సాక్ష్యాన్నే నేను ఎక్కువ చూశాను. అందుకే ఈ మార్గదర్శి ఎక్కువగా మొదటి ఒకటి రెండు రోజుల గురించే. మిల్లయినా, పోలేపల్లి సెజ్‌లోని మందుల ఫ్యాక్టరీ అయినా, హుజూర్‌నగర్ వైపు సిమెంటు కర్మాగారమైనా, నల్గొండ గడియారం సెంటర్‌లో పదిమంది పనిచేసే ఆఫీసయినా పద్ధతి ఒక్కటే.

1. ముందు కాగితం, తర్వాత కంప్యూటర్

విచారణ దేని గురించో ఒక్క వాక్యంలో రాసుకోండి. "గుమస్తా మోసం చేస్తున్నాడు" అన్నది అనుమానం మాత్రమే, దాన్ని పట్టుకుని కంప్యూటర్‌లో దేనికోసం వెతకాలో తెలియదు. "ఫలానా రెండు నెలల్లో వచ్చిన ధాన్యం లారీలలో ఎన్నింటికి ఖాళీ బరువు (సరుకు దించాక లారీ ఒక్కదాని బరువు) కాంటా మీద తూచకుండా కంప్యూటర్‌లో చేత్తో ఎక్కించారు, ఎవరి లాగిన్‌తో ఎక్కించారు" అని రాస్తే అది ప్రశ్న అవుతుంది. ఏ యంత్రం కావాలో, ఏ తేదీలు కావాలో అదే చెబుతుంది. ఎవరి సొంత ఫొటోల జోలికి వెళ్లనక్కర లేదో కూడా అదే చెబుతుంది.

తర్వాత అధికారం. కంపెనీ అయితే బోర్డు తీర్మానం, భాగస్వామ్య సంస్థ అయితే భాగస్వాముల సంతకాలున్న ఉత్తరం ఉండాలి. విచారణ చేసేదెవరు, పరికరాలు ఎవరి అధీనంలో ఉంటాయి, నివేదిక ఎవరికి ఇవ్వాలి అన్నవి అందులో ఉంటే చాలు. ఆరోపణ వచ్చిన వ్యక్తి పైఅధికారిని, ఆ లెక్కలతో సంబంధమున్న బంధువును ఈ పనిలో పెట్టకండి. మన దగ్గర మిల్లుల్లో ఇది కష్టమే. మేనమామ లెక్కలు రాస్తే బావమరిది డబ్బు చూస్తాడు. అయినా ఒక బయటి మనిషిని పెట్టుకోవడం మేలు.

పరికరం ఎవరిదన్నది ఇక్కడే తేల్చుకోవాలి. సంస్థ కొనిచ్చిన కంప్యూటర్, ఫోను వేరు. ఉద్యోగి సొంత ఫోను వేరు. సొంత ఫోనును బలవంతంగా లాక్కోవడానికి యజమానికి హక్కు లేదు, రాతపూర్వకంగా సమ్మతి అడగాలి. ఆఫీసు కంప్యూటర్ బ్రౌజర్‌లో ఉద్యోగి సొంత జీమెయిల్ పాస్‌వర్డు సేవ్ అయి ఉందనుకోండి. అది తెరిచి చదివితే సమాచార సాంకేతిక చట్టం 43, 66 సెక్షన్లు మీ మెడకే చుట్టుకోవచ్చు. యజమాని నష్టం నుంచి తనను కాపాడుకోవడానికి సమాచారం వాడుకోవడాన్ని 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం గుర్తించింది. అలాగని ఉద్యోగి జీవితమంతా తిరగేయడానికి అది అనుమతి పత్రం కాదు.

2. ఏది ముందు మాయమవుతుందో చూడండి

కాగితం బీరువాలో పదేళ్లున్నా అలాగే ఉంటుంది. డిజిటల్ సాక్ష్యానికి మాత్రం ఎవరూ ముట్టకపోయినా కాలం తీరిపోతుంది. ముందు పోయేదాన్ని ముందు కాపాడాలి.

చాలా తొందరగా పోయేవాటిలో ఒకటి సీసీ కెమెరా రికార్డింగు. అది డీవీఆర్ అనే పెట్టెలో నమోదవుతుంది. డీవీఆర్‌లోని డిస్కు నిండగానే పాత దాని మీదే కొత్తది రాసుకుంటూ పోతుంది. కెమెరాలు ఎన్ని, డిస్కు ఎంతటిది అన్నదాన్ని బట్టి కొన్నిచోట్ల నెల ఉంటుంది, కొన్నిచోట్ల రెండు వారాలకే చెరిగిపోతుంది. నా సలహా ఏమిటంటే, కావలసిన నాలుగు ముక్కలు పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించుకుని సరిపెట్టుకోకండి. సాక్షుల ఎదుట డీవీఆర్‌ను పద్ధతిగా ఆపించి, ఆ డిస్కును తీయించి భద్రపరచి, దాని స్థానంలో కొత్త డిస్కు పెట్టించండి. ఒక డిస్కు ఖర్చు ఒక వాయిదా ఖర్చు కన్నా తక్కువే.

వాట్సాప్‌లో మాయమయ్యే సందేశాలు పెట్టుకుని ఉంటే 24 గంటలకో, 7 రోజులకో, 90 రోజులకో పోతాయి. జీమెయిల్ చెత్తబుట్టలో పడినవి 30 రోజులకు శాశ్వతంగా పోతాయి. సంస్థ గూగుల్ ఖాతాల్లో ఒక ఉద్యోగి ఖాతాను తీసేస్తే 20 రోజుల్లోపే తిరిగి తెచ్చుకోగలం. అనుమానం మీద ఉద్యోగిని పొమ్మన్న రోజే అతని ఖాతా తీసేయడం మన ఆఫీసుల్లో మామూలు. ఖాతాను తీసేయకండి, పాస్‌వర్డు మార్చి నిలిపి ఉంచండి.

నిలుపుదల ఉత్తరం ఒకటి రాయండి. ఫలానా విషయానికి సంబంధించిన ఏ ఫైలూ, మెయిలూ, సందేశమూ, రికార్డింగూ చెరపకూడదని, దానంతట అదే చెరిగిపోయే ఏర్పాట్లు ఆపాలని సంబంధించిన వారికి ఇచ్చి సంతకం తీసుకోండి. సాక్ష్యంగా హాజరుపరచాల్సిన ఎలక్ట్రానిక్ రికార్డును అడ్డుకోవాలని నాశనం చేయడం భారతీయ న్యాయ సంహిత 241వ సెక్షన్ కింద నేరమని అందులోనే రాస్తే ఆ ఉత్తరం పక్కన పడేయరు. అయితే ఒక జాగ్రత్త ఉంది. పరికరాలు మీ చేతికి వచ్చాకే ఈ ఉత్తరం ఊరంతా తిరగాలి. ముందే తెలిస్తే రాత్రికి రాత్రి కంప్యూటర్ "పాడైపోతుంది".

3. గడియారాలు సరిచూడండి, సరిచేయకండి

ఈ మెట్టును చాలామంది దాటేస్తారు. నేను మాత్రం దీని దగ్గరే ఎక్కువసేపు ఆగుతాను.

ఆ మిల్లులో ఒక చీటీ మీద ఖాళీ లారీ తూకం మధ్యాహ్నం 2:40కి అయినట్టుంది. యజమాని డీవీఆర్‌లో 2:40 దగ్గర చూస్తే కాంటా ప్లాట్‌ఫారం ఖాళీ. లారీ లేదు, డ్రైవర్ లేడు, ఒక కుక్క పడుకుని ఉంది. "లారీ లేకుండానే బరువు ఎక్కించాడు, ఇంకేం కావాలి?" అన్నారు. నేను ఫోనులో భారత ప్రామాణిక కాలం పెట్టుకుని కాంటా కంప్యూటర్ పక్కన నిలబడ్డాను. అది నాలుగు నిమిషాలు ముందుంది. డీవీఆర్ దగ్గరికి వెళ్తే అది ఇరవై మూడు నిమిషాలు వెనకుంది. అంటే చీటీలోని 2:40 అసలు 2:36. ఆ సమయానికి డీవీఆర్ గడియారం చూపేది 2:13. అక్కడికి వెళ్లి చూస్తే లారీ కాంటా మీదే ఉంది, నంబరు ప్లేటు కూడా చదవగలిగేలా ఉంది.

కాబట్టి ప్రతి యంత్రం గడియారాన్నీ అసలు సమయంతో పోల్చి, రెండూ ఒకే ఫ్రేములో పడేలా ఫొటో తీసి, తేడాను నిమిషాలు సెకన్లతో రాసుకోండి. తప్పుగా ఉంది కదా అని సరిచేయకండి. సరిచేశారంటే పాత రికార్డులకు ఎంత కలపాలో, ఎంత తీయాలో చెప్పే ఆధారం పోతుంది. హాజరు యంత్రం, గేటు రిజిస్టరు దగ్గరి గోడ గడియారం కూడా ఈ జాబితాలో ఉండాలి.

4. పరికరం స్వాధీనం

ఆగి ఉన్న యంత్రాన్ని ఆన్ చేయకండి. ఒక్కసారి ఆన్ చేస్తే లోపల వందల ఫైళ్ల తేదీలు మారతాయి.

నడుస్తున్న యంత్రమైతే తెర మీద ఏముందో ఫొటో తీయండి. వెంటనే వైరు పీకకండి. డిస్కుకు బిట్‌లాకర్ అనే విండోస్ తాళం ఉంటే, దాని రికవరీ కీ మీ దగ్గర లేకుండా ఆపేశారంటే మళ్లీ తెరవలేకపోవచ్చు. నిపుణుడు గంటలో రాగలిగితే గది మూసి ఆగండి. దూరం నుంచి ఎవరైనా చెరిపేస్తారన్న భయముంటే నెట్ కేబుల్ మాత్రం తీసేయండి. ఫోనయితే ఫ్లైట్ మోడ్‌లో పెట్టి, ఛార్జింగు అయిపోకుండా చూడాలి.

పంచనామా రాయండి. తేదీ, సమయం, గది, పరికరం తయారీదారు పేరు, మోడల్, సీరియల్ నంబరు, ఫోనయితే ఐఎంఈఐ నంబరు, ఎవరి దగ్గర నుంచి తీసుకున్నారు, అప్పుడు అక్కడ ఎవరున్నారు అన్నవన్నీ రాసి ఇద్దరు సాక్షుల సంతకాలు తీసుకోండి. సీరియల్ నంబరును చూసి రాయడంతో పాటు ఫొటో కూడా తీయండి. సున్నాకూ ఇంగ్లీషు 'ఓ' అక్షరానికీ తేడా కనపడక ఒక లాప్‌టాప్ రెండు లాప్‌టాప్‌లైన కేసు నాకు తెలుసు. కవరులో పెట్టి, అంటించిన చోట అడ్డంగా సంతకాలు చేయండి. వీలుంటే ఆ ఉద్యోగి చేత కూడా చేయించండి. చేయనంటే చేయనన్నాడని రాయండి.

ఆ క్షణం నుంచి ఒక రిజిస్టరు నడవాలి. ఎవరి చేతి నుంచి ఎవరి చేతికి, ఎప్పుడు, ఎందుకు వెళ్లింది, సీలు ఎలా ఉంది అన్నదే అందులోని ప్రతి వరుస. మిల్లు గోడౌను తాళం చెవికి ఇచ్చే జాగ్రత్తలో సగం దీనికి ఇస్తే చాలు.

5. నకలు, హ్యాష్

అసలు డిస్కు మీద పరిశీలన చేయకూడదు. రైట్ బ్లాకర్ అనే చిన్న పరికరం ద్వారా డిస్కును కలిపి, మొదటి నుంచి చివరి వరకు పూర్తి ప్రతిబింబం తీయాలి. రైట్ బ్లాకర్ డిస్కును చదవనిస్తుంది, రాయనివ్వదు. మామూలుగా కాపీ, పేస్టు చేస్తే కనిపించే ఫైళ్లు మాత్రమే వస్తాయి, చెరిపినవి రావు, కాపీలో తేదీలూ మారతాయి. రెండు నకళ్లు తీయించండి. ఒకటి పనికి, ఒకటి దాచడానికి. అసలుది లాకరులోకి పోవాలి. చెరిపిన ఫైళ్లు తిరిగి వస్తాయన్న ఆశ పాత హార్డు డిస్కులకు ఉన్నంతగా కొత్త రకం డిస్కులైన ఎస్ఎస్‌డీలకు లేదు. అవి చెరిపిన చోటును తమంతట తామే శుభ్రం చేసుకుంటాయి.

హ్యాష్ అంటే ఫైలులోని ప్రతి అక్షరాన్నీ లెక్కలోకి తీసుకుని వచ్చే ఒక పొడవాటి సంఖ్య. షా-256 పద్ధతిలో అయితే 64 అంకెలు, అక్షరాల వరుస. లారీ బస్తాల్లోంచి గుప్పెడు ధాన్యం తీసినా కాంటా కనిపెట్టలేదు. హ్యాష్ అలా కాదు, ఫైలులో ఒక్క కామా మారినా వరుస మొత్తం వేరుగా వస్తుంది. అసలు డిస్కు హ్యాష్, నకలు హ్యాష్ ఒకటే అయితే నకలు అసలుకు సరిసమానమని ఎవరికైనా చూపవచ్చు. తీసిన రోజే పంచనామాలో ఎక్కించండి. నెల తర్వాత తీసిన హ్యాష్ ఆ నెలలో ఏం జరిగిందో చెప్పలేదు.

6. వాట్సాప్ సంగతి

మన దగ్గర వ్యాపారమంతా వాట్సాప్‌లోనే నడుస్తుంది. ధర ఖాయమైనా, లారీ బయలుదేరినా, చివరికి తిట్టుకున్నా అందులోనే. అందుకే విచారణకు వచ్చేవి ముందుగా స్క్రీన్‌షాట్లే. వాటిని తీసుకోండి కానీ వాటితో ఆగకండి. తెర మీద కనిపించే పేరు ఫోను యజమాని తన ఇష్టం కొద్దీ పెట్టుకున్నది. ఎవరి నంబరుకైనా మీ పేరు పెట్టుకుని మీతో మాట్లాడినట్టు చూపవచ్చు. కాబట్టి సంభాషణతో పాటు నంబరు కనిపించే పేజీ కూడా ఉండాలి. చాట్‌ను ఎగుమతి చేస్తే వచ్చేది మామూలు పాఠ్యం ఫైలు, దాన్ని నోట్‌ప్యాడ్‌లో ఎవరైనా దిద్దగలరు. వచ్చిన వెంటనే హ్యాష్ తీయకపోతే దానికి విలువ తక్కువ.

అసలు సాక్ష్యం ఆ ఫోనే. ఫిర్యాదు చేసినవారికి ఈ మాట గట్టిగా చెప్పండి: ఫోను మార్చవద్దు, రీసెట్ చేయవద్దు, ఆ చాట్ చెరపవద్దు. రెండో ఫోనుతో ఆగకుండా వీడియో తీస్తూ నంబరు పేజీ నుంచి మొదలుపెట్టి చాట్ పైనుంచి కింది వరకు చూపించడం చవకైన మంచి పద్ధతి. ఫొటోలయితే వాట్సాప్‌లో పంపగానే వాటి నాణ్యత తగ్గి, ఎప్పుడు ఎక్కడ తీశారన్న లోపలి సమాచారం పోతుంది. తీసినవారి ఫోనులోని అసలు ఫైలే అడగండి.

పదిమంది లేదా అంతకుమించి పనిచేసే సంస్థల్లో 2013 చట్టం ప్రకారం ఏర్పడే లైంగిక వేధింపుల అంతర్గత కమిటీలకూ ఈ మాటలే వర్తిస్తాయి. విచారణ 90 రోజుల్లో ముగించాలి, విషయం బయటకు పొక్కకూడదు. కమిటీ సభ్యులు ఆ స్క్రీన్‌షాట్లను తమ సొంత వాట్సాప్ గ్రూపులో పంచుకోవడం నేను చూశాను. దయచేసి అలా చేయకండి.

7. లెక్కలు, మెయిళ్లు

కంపెనీలు వాడే లెక్కల సాఫ్ట్‌వేర్‌లో ప్రతి మార్పూ నమోదయ్యే ఏర్పాటు 2023 ఏప్రిల్ 1 నుంచి తప్పనిసరి, దాన్ని ఆపే వీలుండకూడదు. ట్యాలీలో దీన్ని ఎడిట్ లాగ్ అంటారు. ఈ నియమం కంపెనీలకే. భాగస్వామ్య మిల్లులకు వర్తించదు కనుక చాలాచోట్ల అది ఉండదు. మెయిలును ప్రింటు తీసో ఫార్వర్డు చేసో ఇస్తే దాని ప్రయాణ వివరాలుండే హెడర్ పోతుంది. మెయిలు ఫైలునే దించుకుని హ్యాష్ తీయండి.

8. చదవడం

నకలు మీద పనిచేస్తూ ఏ రోజు ఏం వెతికారో, ఏ పదంతో వెతికారో నోటుపుస్తకంలో రాసుకోండి. దొరికినదాన్ని కంప్యూటర్ బయటి ప్రపంచంతో పోల్చండి. ప్రభుత్వం ఇచ్చిన ధాన్యాన్ని మరపట్టి బియ్యం తిరిగి ఇచ్చే కస్టమ్ మిల్లింగులో క్వింటాలు ధాన్యానికి పచ్చి బియ్యమైతే 67 కిలోలు, ఉప్పుడు బియ్యమైతే 68 కిలోలు ఇవ్వాలన్నది లెక్క. ఖాళీ బరువు తగ్గించి రాస్తే రాని ధాన్యం కాగితం మీద వచ్చినట్టవుతుంది. ఆ మేరకు బియ్యం ఎక్కడో తగ్గాలి. తగ్గలేదంటే మీ అనుమానాన్ని మళ్లీ చూసుకోండి. ఉద్యోగికి అనుకూలంగా దొరికినదాన్ని కూడా అదే అక్షరాల సైజులో నివేదికలో పెట్టండి.

9. ఉద్యోగిని అడగడం

రాత్రి గదిలో కూర్చోబెట్టి, ఫోను లాక్కుని, ఒప్పుకోలు పత్రం రాయించుకోవడం మన ప్రాంతంలో ఇంకా జరుగుతోంది. అలా చేస్తే అక్రమ నిర్బంధం కేసు యజమాని మీదకు వస్తుంది, ఆ పత్రం దేనికీ పనికిరాదు. సంజాయిషీ నోటీసు ఇవ్వండి, అతనికి అర్థమయ్యే తెలుగులో ఇవ్వండి. మీరు ఆధారపడే రికార్డుల నకళ్లు ఇచ్చి, చూసుకుని జవాబు చెప్పే సమయం ఇవ్వండి. శాఖాపరమైన విచారణకు సాక్ష్య చట్టంలోని కఠిన నియమాలు అంటవని సుప్రీంకోర్టు 1977లో రత్తన్ సింగ్ అనే బస్సు కండక్టరు కేసులో చెప్పింది. సహజ న్యాయం మాత్రం పాటించాల్సిందే. అదే రికార్డు రేపు కోర్టుకు వెళ్తే అప్పుడు కఠిన నియమాలూ వస్తాయి.

10. సెక్షన్ 63 ధ్రువపత్రం

2024 జూలై 1 నుంచి పాత సాక్ష్య చట్టం స్థానంలో భారతీయ సాక్ష్య అధినియం అమల్లో ఉంది. ఎలక్ట్రానిక్ రికార్డుల గురించి చెప్పే పాత 65బి సెక్షన్ స్థానంలో ఇప్పుడు సెక్షన్ 63. ప్రింటుగానో నకలుగానో ఇచ్చే ఎలక్ట్రానిక్ రికార్డుకు ధ్రువపత్రం తప్పదని సుప్రీంకోర్టు 2014లో అన్వర్ కేసులో చెప్పింది, 2020లో అర్జున్ పండిత్‌రావ్ కేసులో గట్టిపరిచింది. అసలు పరికరాన్నే కోర్టు ముందు పెట్టి, దాని యజమాని సాక్షిగా నిరూపిస్తే అవసరం లేదని కూడా ఆ తీర్పే చెప్పింది.

కొత్త చట్టం షెడ్యూలులో నమూనా ఉంది. అందులో 'ఎ' (A) భాగం రికార్డు ఇచ్చే పక్షం నింపాలి, 'బి' (B) భాగం నిపుణుడు నింపాలి. పరికరం రకం, మోడల్, రంగు, సీరియల్ నంబరు, హ్యాష్ విలువ, ఏ పద్ధతిలో తీశారు అన్నవి రాసి హ్యాష్ నివేదికను జతచేయాలి. నాలుగో మెట్టు పంచనామా చక్కగా రాసి ఉంటే ఇది అరగంట పని. లేకపోతే రెండేళ్ల తర్వాత ఎక్కడో ఉన్న యంత్రం రంగు గుర్తుచేసుకోవాల్సి వస్తుంది.

11. పోలీసుల దగ్గరికి ఎప్పుడు

బ్యాంకు ఖాతా నుంచి ఆన్‌లైన్‌లో డబ్బు పోతే విచారణ, కమిటీ అంటూ కూర్చోకుండా ముందు సైబర్ నేరాల సహాయ నంబరు 1930కి ఫోను చేయండి. కంప్యూటర్ల మీద బయటి దాడి జరిగితే తెలిసిన 6 గంటల్లో కేంద్ర ప్రభుత్వ సైబర్ భద్రతా సంస్థ అయిన సెర్ట్-ఇన్‌కు తెలపాలన్నది 2022 ఆదేశం. సిస్టమ్ లాగ్‌లు 180 రోజులు ఉంచాలన్నదీ అందులోనిదే. లోపలి మనిషి మోసమైతే నకలు తీసుకున్నాకే ఠాణాకు వెళ్లండి. పోలీసులు అసలు డిస్కు తీసుకుని హైదరాబాద్ రెడ్‌హిల్స్‌లోని ఫోరెన్సిక్ ప్రయోగశాలకు పంపితే అది వెంటనే తిరిగి రాదు. ఇచ్చిన ప్రతి వస్తువుకూ సీలు వివరాలతో రసీదు తీసుకోండి.

ఆ మిల్లు సంగతి చెప్పాలి కదా. అనుమానం ఉన్న ఐదు చీటీల్లో రెండు గడియారాల తేడాతోనే తేలిపోయాయి. మిగతా మూడింటికి లారీ నిజంగానే కాంటా ఎక్కలేదు. లాగిన్ గుమస్తాదే. కానీ ఆ పాస్‌వర్డు మానిటర్ అంచున చీటీ మీద రాసి అంటించి ఉంది, అల్లుడు సహా నలుగురికి తెలుసు, మూడింటిలో ఒక రోజు గుమస్తా సెలవులో ఉన్నాడు. ఎవరి మీదా చర్య తీసుకోలేదు. ఇప్పుడు అక్కడ ఎవరి లాగిన్ వారికుంది, చేత్తో బరువు ఎక్కించే వీలు తీసేశారు. మొన్న వెళ్లినప్పుడు చూశాను, డీవీఆర్ గడియారం మళ్లీ తొమ్మిది నిమిషాలు వెనక నడుస్తోంది.